టీచరమ్మ అడిగి రమ్మన్నది

టీచరమ్మ పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను కాటారం బస్టాండులో భూపాలపల్లి బస్సు కోసం చూస్తున్నాను. ఆమె అప్పజెప్పిన పని మీదే కాటారం వచ్చాను. ఫోన్ చేసింది ఆమె పక్కింట్లో ఉంటూ మేకలు కాసే అక్క. మేమంతా మేకలక్క అంటాం.

"సారూ, పోయింది. పొద్దుగాల చాయ్ తీస్కపోయిన. లేవలే," అంది. మళ్లీ తనే అడిగింది: "ఇంతకు వాళ్లేమన్నరు? ఉంటదన్నరా?"

ఉంటుందని ఎవరూ గట్టిగా అనలేదు. అదే చెప్పాను.

"మంచిగైంది తియ్యి. ఇనకముందే పోయింది," అని ఫోన్ పెట్టేసింది.

టీచరమ్మ నన్ను అడిగి రమ్మన్నది ఒకే ఒక ప్రశ్న. చచ్చిపోయిన మేకకు పరలోకంలో చోటు ఉంటుందా? మేక ఆమెదే, పేరు చుక్క. వినేవాళ్లకు నవ్వు రావచ్చు. కానీ అదే ప్రశ్న అడిగిన చిన్నపిల్లలను నవ్వకుండా, జాలిపడకుండా "లేదు" అన్న ఒక్క మాటతో తిప్పి పంపిన మనిషి ఆమె. అందుకే రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది, అది చివర చెబుతాను.

కేసముద్రం దగ్గర మా ఊళ్లో ఆమె సర్కారు బడి టీచరు. ఆదివారం చర్చిలో సండే స్కూలు కూడా ఆమెదే. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "తీరిక దొరకలే" అనేది. చర్చి చూరుకు వేలాడే రైలుపట్టా ముక్కను ఇనుప చువ్వతో కొట్టేది. ఆ మోత ఆగేలోపు లోపలికి రాని పిల్లవాడు గడప బయట ఎండలో నిలబడి పాఠం వినాలి. జ్వరమొచ్చి ఆలస్యమైనా అంతే. "జరమొస్తే ఇంట్ల పండు. ఒచ్చినవంటే యాళ్లకు రా," అనేది.

ఆమె బెత్తం పట్టేది కాదు, ఆమెకు దాని అవసరం లేదు. తప్పు జవాబు చెప్పిన పిల్లవాణ్ని లేపి, "నీకు తెల్సా, తెల్సిందనుకుంటున్నవా?" అని అడిగేది. తెల్వది అంటే కూర్చోబెట్టేది. తెల్సింది అన్నవాడికి మాత్రం ఆ రోజు బతుకు లేదు. "తెల్వకుంట చెప్పేది అబద్ధమే బిడ్డా. దేవుని గురించి చెప్పినా అబద్ధమే," అనేది. వార్తలు రాసే పనిలో పడ్డాక నాకు చాలామంది పని నేర్పారు. ఈ మాటకు మించింది ఎవరూ నేర్పలేదు.

మా చర్చిలో కోత పండుగ పెద్దది. వడ్లు ఇంటికి చేరాక ఒక ఆదివారం సంఘమంతా గుమ్మడికాయలు, కందులు, కోళ్లు, మేకలు, గొర్రెలు దేవునికి అర్పణగా తెస్తారు. ఆరాధన అయ్యాక చర్చి ముందు వేలం వేస్తారు. భక్తి ఎక్కువైనవాళ్లు తాము పాడి కొన్నదాన్ని మళ్లీ దేవునికే ఇచ్చేస్తారు. అది మళ్లీ వేలానికి వస్తుంది. ఒకే కోడి ఒకే పూటలో పలుమార్లు అమ్ముడుపోవడం, ప్రతిసారీ చప్పట్లు కొట్టడం మా దగ్గర మామూలే.

జీవాల విషయంలో రెండు కట్టుబాట్లున్నాయి. పండుగ పొద్దున చర్చి కంచెకు కట్టిన జీవం దేవునిది, దాన్ని ఎవరూ విప్పుకుపోకూడదు. ఇచ్చిన ఇంటివాళ్లు దాన్ని వేలంలో పాడకూడదు. మొదటిది పెద్దల కాలం నుంచీ ఉంది. రెండోది టీచరమ్మ పట్టుబట్టి పెట్టించింది. పిల్లలు ఏడిస్తే తండ్రులు తమ జీవాన్ని తామే పాడుకుని ఇంటికి తోలుకుపోతున్నారని ఆమె అభ్యంతరం. "ఇచ్చినమంటే ఇచ్చినట్టుండాలె. ఏడ్వు, వద్దంటలేను. గని చెయ్యి ఇడువు," అనేది. సండే స్కూలు పిల్లలకు ఇంకో షరతు కూడా పెట్టింది. సంతలో కొన్నది పనికిరాదు, తమ చేత్తో పెంచిందే తేవాలి.

నాతో చదివిన ఒకతను ఒక ఏడాది గొర్రెపిల్లను తెచ్చాడు. తల్లి చస్తే పక్కలో పడుకోబెట్టుకుని పెంచిన పిల్ల. కంచెకు కట్టాక కూడా దాని పక్కనే కూర్చున్నాడు. దాన్ని పాడిన పెద్దమనిషి సంఘం భోజనానికే ఇచ్చాడు. చర్చి వెనకాలే కోశారు. పిల్లవాడు టీచరమ్మ దగ్గరికి వచ్చాడు.

"టీచరమ్మా, అది పైకి పోతదా?"

"పోదు. దానికి ఊపిరున్నది, ఆత్మ లేదు. ఊపిరి ఆగినంక ఏం మిగలది. దేవుడు మనిషిని తన పోలికల చేసిండు, గొర్రెను చెయ్యలే. పో, పోయి అన్నం తిను."

ఆ ఏటి సండే స్కూలు పరీక్షలో ఆ ప్రశ్నే ఇచ్చింది. జంతువులకు పరలోకం ఉందా, పది మార్కులు. అతను ఉన్నది అని రాశాడు. సున్నా వచ్చింది. మేమంతా ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి పదికి పది తెచ్చుకున్నాం.

అతనే ఇప్పుడు ఆ చర్చికి పాస్టరు. ఊరంతా అయ్యగారు అంటుంది. టీచరమ్మ కూడా అయ్యగారనే పిలిచేది. ముందు వరుసలో కూర్చుని ప్రసంగం వినేది, తప్పుంటే ఆరాధన అయ్యాక అందరి ముందే చెప్పేది. ఆయన తల వంచుకుని వినేవారు.

చుక్క ఆమె రిటైరయ్యాక వచ్చింది. మేకలక్క తండా నుంచి వచ్చి మా ఊళ్లో ఉంటున్న మనిషి, మా సంఘం మనిషి కాదు. ఆమె మేక ఒక ఈతలో మూడు పిల్లలను వేసింది. మూడోదానికి పాలు అందలేదు. తెచ్చి టీచరమ్మ అరుగు మీద పెట్టి, "నీకు వేరే పనేమున్నది? సాదు," అంది.

"బతికితే కోత పండుగకు ఇద్దాం," అని టీచరమ్మ నలుగురి ముందే అంది. సీసాతో పాలు పట్టింది. అది బతికింది. నల్ల మేక, నుదుటి మీద తెల్లమచ్చ.

ఆ ఏడాది ఇవ్వలేదు, బక్కగా ఉందంది. మరుసటి ఏడాది సూడితో ఉందంది. ఆ తర్వాత దగ్గుతోందంది. ఇలా ఏటా ఏదో ఒకటి చెబుతూనే వచ్చింది. సంఘంలో ఇది నవ్వులాటైంది. "ఏం టీచరమ్మా, ఈయేడన్న ఇస్తున్నవా, లేకుంటే దేవుణ్నే నీ ఇంటికొచ్చి పాలు తాగి పొమ్మంటవా?" అని ఒక సంఘ పెద్ద అడిగాడు.

"దేవునికి తొందర లేదు. తొందరంతా నీకే, కూర మీద," అంది.

చుక్క ఆమె వెంటే సండే స్కూలుకు వచ్చేది. ఆలస్యంగా వచ్చిన పిల్లలు నిలబడే చోటే, గడప బయట నిలబడేది. కంఠతా పట్టమని పిల్లలకు ఇచ్చిన వాక్యం కార్డులను నమిలేసేది. పిల్లలు ఫిర్యాదు చేస్తే, "మీకంటె అదే నయం. వాక్యాన్ని మింగుతున్నది. మీరు ముందు అప్పజెప్పుండ్రి," అనేది.

ఒకసారి వెళ్లినప్పుడు చుక్కకు చింతచిగురు తినిపిస్తూ కనిపించింది. "ఇప్పుడు ఆ ప్రశ్న పరీక్షల ఇస్తున్నరా టీచరమ్మా?" అని అడిగాను.

"సిలబస్ మారింది," అంది, నా వైపు చూడకుండా.

పోయిన కోత పండుగకు ముందు ఆమె వాకిట్లో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. మానుకోట దవాఖానలో ఆపరేషన్ చేశారు. చుక్క మేకలక్క దగ్గర ఉంది. పండుగ నాడు పొద్దున్నే మేకలక్క మందను తోలుకుపోతోంది. ముసలి చుక్క వెనకబడుతోంది. చర్చి కంచె పక్కన పచ్చగడ్డి కనిపిస్తే అక్కడ కట్టేసి వెళ్లింది. ఆ రోజు ఆ కంచెకు కడితే ఏమవుతుందో ఆమెకు తెలియదు.

నుదుటి మచ్చ చూసి సంఘమంతా గుర్తుపట్టింది. దవాఖాన మంచం మీద నుంచి టీచరమ్మ మాట నిలబెట్టుకుందనుకున్నారు. ఆమెను ఎరిగిన ఎవరైనా అలాగే అనుకుంటారు. నవ్వులాటకు అడిగిన ఆ సంఘ పెద్దే కళ్లు తుడుచుకున్నాడట. టీచరమ్మ మీద గౌరవంతో ఒకరు చుక్కను పాడి దేవునికి తిరిగి ఇచ్చారు. ఇంకొకరు పాడి తిరిగి ఇచ్చారు. చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత కేసముద్రం మటన్ కొట్టు భాయి పాడాడు. ఆయన ఏటా వేలానికి వస్తాడు. ఆయన కొన్నది తిరిగి ఇవ్వడు, ఇవ్వాలని ఎవరూ అనుకోరు కూడా.

తర్వాత కొట్టు దగ్గర ఆయన్ని కలిశాను. "నేను అడిగిన సార్, గిది ఎవలదని. సాదుకున్న జీవం లెక్క కనవడ్డది. తాడు గుంజే పనే లేకుండె, ఎన్కెన్కనే నడ్సొచ్చింది. దేవునిదన్నరు. దేవునిదన్నంక ఇంకేం అడుగుత?" అన్నాడు.

మేకలక్క సాయంత్రం వచ్చేసరికి కంచె ఖాళీగా ఉంది. "కంచెకు కట్టినయన్ని మీ దేవునియేనా? మా తండల గిట్లుండది. నాకెట్ల తెలుస్తది?" అని అయ్యగారి మీద అరిచింది. అయ్యగారు భాయికి ఫోన్ చేశారు. అప్పటికే కోసేశాడు.

మా వైపు జీవాన్ని అమ్మితే తాడు ఇవ్వరు, ఇంట్లోనే ఉంచుకుంటారు. వేలంలో తాడు అడిగే ఇల్లు లేకపోవడంతో అది భాయి దగ్గరే ఉండిపోయింది. టీచరమ్మ ఇల్లు చేరాక ఆయనే తెచ్చి ఇచ్చాడు. "అమ్మా, మాఫ్ చెయ్యి. నాకు ఎర్కలే," అన్నాడు.

"నీదేం తప్పు లేదు," అంది టీచరమ్మ. తాడు అందుకుంటూ అడిగింది: "మంచిగ తూగిందా?"

భాయి చెప్పులేసుకుని వెళ్లిపోయాడని మేకలక్క చెప్పింది.

నేను చూడటానికి వెళ్లిన రోజు అయ్యగారు కూడా వచ్చారు. మంచం పక్కన నిలబడి ప్రార్థన చేశారు. ఆమేన్ అన్నాక టీచరమ్మ కళ్లు తెరవకుండానే అడిగింది.

"అయ్యగారూ, చుక్క ఉంటదా, అక్కడ?"

ఆయన చేతిలో పుస్తకం మూశారు. "ఉండది టీచరమ్మా. దానికి ఊపిరున్నది, ఆత్మ లేదు. ఊపిరి ఆగినంక ఏం మిగలది."

ఒక్క మాట తేడా లేదు. టీచరమ్మ కళ్లు తెరిచి ఆయన్ని చూసింది.

"మంచిగ అప్పజెప్పినవ్," అంది. "పదికి పది."

ఆయన వెళ్లాక నన్ను దగ్గరికి పిలిచింది. "మంచంల పండి బైబిలు మొత్తం ఎతికిన. జలప్రళయమప్పుడు ఓడలకు జీవాలను గూడ ఎక్కించిండని ఉన్నది. పిచ్చుక పడ్డా ఆయనకు తెలుస్తదని ఉన్నది. తోడేలు, గొర్రెపిల్ల ఒక్కకాడుండే దినమొస్తదని ఉన్నది. మనిషి ఊపిరి మీదికి పోతదో, జీవం ఊపిరి కిందికి పోతదో ఎవలకెరుక అని గూడ ఉన్నది. ఇది పైకి పోతదని యాడ లేదు. పోదని గూడ యాడ లేదు. ఇన్నేండ్లు తెల్వకుంట చెప్పిన."

కాసేపు ఊపిరి తీసుకుంది.

"నువ్వు పేపరోనివి. అడుగుడే నీ పని. అడిగి రా. నా మొకం జూసి తియ్యగ చెప్పెటోళ్లను కాదు, నన్ను ఎరగనోళ్లను అడుగు."

నేనుండేది జనగామలో. అక్కడి కతోలిక చర్చి ఫాదర్ పెద్దవారు, చదువుకున్నవారు. విన్నారు, నవ్వలేదు. "జంతువుకూ ఒకరకమైన ఆత్మ ఉంటుందనే మా పాత పండితులు చెప్పారు. కాకపోతే అది ఒంటితోనే పోతుందన్నారు, మనిషిదే మిగులుతుందన్నారు. మరి సృష్టి అంతా విడుదల కోసం మూలుగుతోందని, అంతా కొత్తదవుతుందని కూడా చదువుతాం. ఆ అంతాలో ఆ తల్లి పెంచిన మేక ఉందో లేదో నేను చెప్పలేను. చెబితే నా సొంత మాట అవుతుంది," అన్నారు.

ఫోన్లో టీచరమ్మకు అదే చెప్పాను. "మంచోడు," అంది. "తెల్వదని చెప్పిండు. గని ఒక్కని మాట వార్త కాదని నువ్వే అంటవు గద. ఇంకొకర్ని అడుగు."

కాటారంలో పొలాల మధ్య ఒక ప్రార్థన మందిరం ఉంది. అక్కడి పాస్టరు కుర్రవాడు, మాటలో తడబాటు లేదు. "జంతువులు ఉంటయ్ సార్, డౌటే లేదు. సింహం గడ్డి మేసే రాజ్యం వస్తదని రాసి ఉన్నది. గని ఈ మేకనే లేపుతడని లేదు. దేవుడు కొత్తయి చేస్తడు. కొత్త భూమి, కొత్త మేకలు," అన్నాడు.

గడపలో బియ్యం ఏరుతున్న అతని భార్య తల ఎత్తింది. "కొత్త మేకను ఏం జేస్కుంటది ఆమె? ఆమెకు అదే గావాలె," అంది.

"నువ్వూకో," అన్నాడతను.

ఈ రెండు మాటలూ పట్టుకుని బస్టాండుకు వచ్చాను. ఫోన్ అప్పుడు మోగింది.

మర్నాడు చర్చి వెనక సమాధుల తోటలో భూస్థాపన. పెట్టె మూయబోయే ముందు మేకలక్క గుంపును తోసుకుని వచ్చి, చుక్క తాడును టీచరమ్మ చేతి పక్కన పెట్టింది.

"గిదేంది, తాడు ఏస్తున్నవ్? మనిషిని బొందవెడుతున్నమా, గొడ్డునా?" అన్నాడు ఆ సంఘ పెద్ద. కొందరు నవ్వారు కూడా. అయ్యగారు వంగి తాడు తీసి మేకలక్క చేతిలో పెట్టారు.

తర్వాత ప్రసంగించారు. ఈ తల్లి దవాఖానలో పడి ఉండి కూడా తనకు ప్రియమైనదాన్ని దేవునికి ఇచ్చింది, మనలో ఎవరు అలా ఇచ్చారు అన్నారు. సంఘం ఆమేన్ అంది. కోత పండుగ సాయంత్రం మేకలక్క అరుపులు ఆయన విన్నారు, భాయికి ఫోన్ చేసిందీ ఆయనే.

నేను ఇది రాయడానికి రెండో కారణం ఇదే. టీచరమ్మ చుక్కను ఇవ్వలేదు. ఇచ్చిందన్న మాట ఆమెకు గౌరవంగానే వినిపించవచ్చు, కానీ అది జరగలేదు. ఆమె ఉంటే ప్రసంగం అయ్యాక అందరి ముందే సరిదిద్దేది. ఆమె లేదు కనుక ఇక్కడ రాస్తున్నాను. ఆ ఏడు కూడా ఆమె ఇచ్చేది కాదు, మరుసటి ఏడు కూడా ఇచ్చేది కాదు. పిల్లలకు నేర్పిన పాఠం తన దాకా వచ్చేసరికి ఆమె చెయ్యి విడవలేదు. నాకు తెలిసినంతలో ఆమె చేసిన మంచి పనుల్లో అదొకటి.

మట్టి వేశాక అందరూ గేటు వైపు నడిచారు. అయ్యగారు ఒంటరిగా దొరికారు. చిన్నప్పటి దోస్తు కనుక సూటిగానే అడిగాను.

"ఉండదన్నవ్ గద. నీకు తెల్సా, తెల్సిందనుకుంటున్నవా?"

ఆ మాట ఎవరిదో ఆయనకు తెలుసు. "తెల్వది," అన్నారు. "ఆనాడు ఆమెకు గూడ తెల్వది. నా గొర్రెపిల్లకు ఏం జవాబిచ్చిందో అదే ఇచ్చిన. ఒక్క మాట ఎక్కువియ్యలే, తక్కువియ్యలే."

"పండుగ నాడు వేలానికి ముందు దవాఖానకు ఒక్క ఫోన్ చెయ్యాలె గద?"

"చెయ్యొచ్చు," అన్నారు. "చెయ్యలే."

మేం గేటు దగ్గరికి వచ్చేసరికి మేకలక్క కంచె ముందు నిలబడి ఉంది. చేతిలో ఉత్త తాడు. చుక్కను కట్టిన గుంజకే ఆ తాడును కట్టింది. ముడి మీద ముడి వేసింది. ఆ తర్వాత మా వైపు తిరిగింది.

"ఈడ కట్టింది ఇప్పొద్దు గద మీకు? దేవునిది గద?" అంది. "ఇప్పుండ్రి, చూస్త."

సంఘ పెద్ద ఏదో గొణిగాడు. పండుగ నాటికే ఆ కట్టుబాటు, రోజూ కాదన్నాడు. కానీ ముందుకు రాలేదు. అయ్యగారు కాసేపు తాడు వైపు చూసి, పక్కనుంచి దాటుకుని వెళ్లిపోయారు.

మొన్న ఆ దారిన పోతూ ఆగాను. తాడు అలాగే ఉంది. ముడి ఎవరూ విప్పలేదు. కింద వేలాడే కొస మాత్రం పీచుపీచుగా, తడిగా ఉంది. మందలో పోయే మేకలు అక్కడ ఆగి దాన్ని నములుతున్నాయి.